పావు ముక్క పోగా మిగిలింది

పాలకొల్లులో ఒక నర్సింగ్ హోమ్. లేబర్ రూములో గీతిక. తలుపు బయట డాక్టరు ప్రసన్నకుమారి, గీతిక తల్లి సూర్యకాంతమ్మ.

“గీతికని అడిగానండి. కాఫీ తప్ప ఏమీ తీసుకోలేదంది. మీరు చెప్పండి.”

“మరి అదేనండి. కాఫీయేనండి.”

“నొప్పులు రావడానికి నేను కింద పెట్టింది మాత్రలో పావు ముక్క. దానికి నొప్పులిలా విడవకుండా రావు. బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గిపోతోంది.”

“అయ్యో! అయితే ఆ ముక్క తీసెయ్యండి.”

“తీసేశాను. కింద పెట్టింది కాబట్టి మిగిలింది తీయగలిగాను. అయినా తగ్గట్లేదు. చీటీ రాసి తెప్పించిన మాత్రల్లో మిగతావి మీ దగ్గరే కదా?”

“నా దగ్గరే... సంచిలో... ఎక్కడ పెట్టానో...”

“సూర్యకాంతమ్మగారూ!”

“ఒక్క మాటండి. అదే మాత్ర నోట్లో వేసుకుంటే ఏమవుతుందండి?”

“మాత్ర అదే. మింగితే త్వరగా ఒంట్లోకి ఎక్కేస్తుంది. వెనక్కి తీయలేను. మింగిందా?”

“మింగలేదండి.”

“మింగకపోతే నొప్పులు సర్దుకునేదాకా కాసేపు చూస్తాను. మింగితే చూడ్డానికి లేదు, ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలి. చెప్పండి.”

“మింగలేదండి... కాఫీలో కలిపానండి.”

“ఎంత?”

“మాత్ర మొత్తం.”

“సిస్టర్! నొప్పులు తగ్గే ఇంజెక్షన్ చెయ్యి! థియేటర్లోకి తీసుకెళ్లండి! ఎందుకమ్మా ఈ పని?”

“రోహిణి వచ్చేస్తోందండి. మధ్యాహ్నం దాటితే రోహిణేనన్నారు పంతులుగారు. ఆ నక్షత్రంలో పుడితే మేనమామకి గండమండి. నాకొక్కడే కొడుకు, మా శ్రీనివాసరాజు. మీరేమో కింద పెట్టింది నెమ్మదిగా పనిచేస్తుంది, రాత్రవ్వొచ్చన్నారు.”

“నన్నడగొచ్చు కదా?”

“నవ్వుతారనుకున్నానండి.”

“తప్పుకోండి.”

ఆపరేషన్ అయ్యాక, అదే తలుపు దగ్గర.

“ఆడపిల్ల. ఏడవడానికి కాస్త టైము పట్టింది. ఇప్పుడు బానే ఉంది.”

“మా గీతికో?”

“బాగుంది. మాట్లాడుతోంది.”

“స్వామీ, సత్యనారాయణమూర్తీ...”

“పుట్టిన టైము చెప్పమంటారా?”

“వద్దండి.”

“మీ పంతులుగారు అడుగుతారేమో.”

“అడగనివ్వండి. నాకు చెప్పకండి. డాక్టరుగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. కాఫీ సంగతి మా అమ్మాయికి మాత్రం తెలియనివ్వకండి. కొడుకు కోసం నన్నింత చేసిందా అనుకుంటుంది.”

“గీతికకి తెలుసు.”

“చెప్పేశారా?”

“నేను చెప్పలేదు. ఇప్పుడు లోపల తనే అంది. ‘కాఫీ తాగాక గ్లాసు అడుగున తెల్లగా కనపడింది. తమ్ముడి కోసమేననుకుని, కాసిని నీళ్లు పోసుకుని అదీ తాగేశాను. అమ్మనేమీ అనకండి’ అని.”