చెత్తబండి మీద రవళి పేరు

అట్ల చెత్తబండి మీదనా మేడం, నా బిడ్డ పేరు సదివేది? పొద్దుగాల వాడకట్టంత బకెట్లు పట్టుకోని బయట నిలవడ్డరు. తడి చెత్త, పొడి చెత్త అని పాట వస్తది కదా, గది ఆగిపోయి మైకుల మీరు రికార్డు చేసిన గొంతు ఇనవడ్డది. "నేను సంధ్యారాణి టీచర్‌ను మాట్లాడుతున్నా" అని.

కూసోండ్రి. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతది. గీ మంచం మీద కూసోండ్రి. అత్తమ్మ పండుకున్నది, ఏమనుకోదు.

బడి తెరిచిండ్రు, టెంతోళ్లకు పొద్దుమీకి స్పెషల్ క్లాసులు మొదలైనయి, శనివారం తల్లిదండ్రుల మీటింగు. మంచిగనే చెప్పిండ్రు. గంతటితోని ఊకుంటే అయిపోతుండె కదా? దసరా సెలవులైనంక రానోళ్లు అని పేర్లు సదివిండ్రు. "పండరి గారి అమ్మాయి రవళి" అని తండ్రి పేరుతోని సహా! ఆయిన సూరత్ మిల్లుల ఉన్నడు గని, ఇంట్ల ఉంటే నన్ను బతకనిచ్చేటోడా?

పక్కింటి భారతి అయితే నా దిక్కే చూసింది. "ఏం సునీతా, బిడ్డను బడికి తోలుతలేవా?" అన్నది.

ఫోన్ల మెసేజ్ పెట్టచ్చు కదా మేడం? అందరికి పెడతరట కదా గ్రూపుల? నా ఫోన్ పాతది. ఒక్కోపారి వస్తయి, ఒక్కోపారి రావు. వస్తే ఇనకపోదునా నేను?

ఏంది? గట్ల చూస్తరేంది?

ఏది, మీ ఫోన్ ఇటు సూపియ్యుండ్రి. గీ నీలం గీతలేంది? నేను ఇన్నట్టా? అయ్యో... గవి గిట్ల పట్టిస్తయని నాకేం ఎరుక!

ఇన్న మేడం. అన్ని ఇన్న. సదువు రానోళ్ల కోసం మీరు నోటితోని చెప్పి పెడతరు కదా, ఒక్కటి ఇడవలే. మగ్గం మీద కూసోని, చెవు కాడ పెట్టుకోని ఇన్న. "నమస్తే అమ్మా, బాగున్నారా" అని మొదలువెడతరు. నన్ను బాగున్నవా అని అడిగేటోళ్లు ఇంకెవలున్నరు? కొన్ని రెండుసార్లు ఇన్న. ఇన్నంక తీసేసేదాన్ని, రవళి చేతికి ఫోన్ పోకముందే. మీరు ఫోన్ చేస్తే జ్వరమని చెప్పిన కదా, జ్వరం లేదు ఏం లేదు.

గా మగ్గం చూడుండ్రి. జంపఖానా మగ్గం. పెద్దది నెయ్యాలంటే పక్కపక్కన ఇద్దరు కూసోవాలె. ఒక్కదాన్నే ఆ కొసకు ఈ కొసకు ఉరుకుతనా? పెండ్లయి వచ్చినకాన్నుంచి నా పక్కన అత్తమ్మనే కూసున్నది. బతుకమ్మ పండుగ ముంగట ఆమెకు చెయ్యి పడిపోయింది. దవాఖానల అడిగితే "ఫికర్ చెయ్యకమ్మా, జర టైం పడుతది" అన్నరు. జర అంటే ఎంతనో వాళ్లకే ఎరుక.

సెలవులే కదా అని రవళిని కూసోపెట్టిన. మస్తు జల్ది నేర్చుకున్నది మేడం. నా చేతికి దాని చెయ్యి కలిసింది. సంబురపడ్డ కూడా, అబద్ధమెందుకు.

సెలవులు అయిపోయినయి, మగ్గం మీద జంపఖానా సగంలనే ఉన్నది. ఇది అయినంక పోదువు బిడ్డా అన్న. అది అయింది, ఇంకోటి ఎక్కిచ్చిన. అది ఊకుంటదా? రోజూ అదే అడుగుడు. "అమ్మా, మేడం మెసేజ్ పెట్టిందా? నన్ను అడిగిందా?"

లేదని చెప్పిన.

ఒకనాడు యూనిఫాం ఏసుకోని, సంచి తగిలిచ్చుకోని గడపల నిలవడ్డది. గప్పుడు నోటికి ఎట్లొచ్చిందో ఏమో... "యాడికే పోతవు? నీ పేరు కొట్టేసిండ్రు. మీ మేడమే ఫోన్ చేసింది. రానోళ్లతోని మాకేం పని అన్నది" అని అనేసిన. మీరు అన్నట్టు చెప్పిన మేడం. మీరే అన్నట్టు!

ఏడ్వలే అది. యూనిఫాం ఇప్పి, మలిచి, పెట్టెల పెట్టింది. వచ్చి నా పక్కన కూసున్నది. మళ్ల బడి పేరెత్తలే. పని మంచిగ నడిచింది.

ఇయ్యాల పొద్దుగాల బకెట్ పట్టుకోని బండి కాడికి పోయింది అదే. నేను గడపలనే ఉన్న. పేర్లు సదివి ఆఖరుకు మీరేమన్నరు? "ఎవరి పేరూ కొట్టెయ్యలేదు. ఎప్పుడొచ్చినా మీ జాగ మీకుంటది. రాండి బిడ్డా" అన్నరు. బండి తోలే గట్టయ్య ఊకున్నడా? మళ్ల మొదటికెల్లి పెట్టిండు. మళ్ల ఇన్నది. బకెట్ ఆడనే దించింది. ఎన్కకు తిరిగి నన్ను చూసింది.

తిట్టినా బాగుండు మేడం. పెట్టెల నుంచి యూనిఫాం తీసి, మడతలు మడతలుగనే ఏసుకోని, తినకుండనే పోయింది.

క్లాసుల మంచిగ కూసున్నదా? సోపతి పిల్లలు మాట్లాడిండ్రా? ఇన్ని దినాలు ఎందుకు రాలేదంటే ఏం చెప్పింది?

ఏం చెప్పలేదా? నా మీద చెప్పలేదా?

...కడుపుల పెట్టుకున్నది. నా బిడ్డ.

ఇగ స్పెషల్ క్లాసు ఇడిసే యాళ్లయింది, వస్తది. మేడం, మీ కాళ్లు మొక్కుత, ఒక్క మాట ఇనుండ్రి. బడికి తోలుత. మీటింగుకు కూడా వస్త. చిన్న మగ్గం ఏసుకోని ఒక్కదాన్నే నేసుకుంట, నా తిప్పలు నేను పడుత. మీరు దానికి ఒక్క ముచ్చట చెప్పుండ్రి. "పేరు కొట్టేసినమని నేనే పొరపాటున ఫోన్ చేసిన, మీ అమ్మది తప్పు లేదు" అని చెప్పుండ్రి. ఇంతమందికి ఇన్ని ముచ్చట్లు చెప్తరు, బండి మీద పెట్టి మరీ చెప్తరు. నా కోసం, నా బిడ్డకు గీ ఒక్క అబద్ధం చెప్పలేరా?

చెప్పరు.

చెప్పకుండ్రి లే. మీ పేరు మీద నేను ఒకపారి చెప్పిందే శానా ఎక్కువ.

గేటు చప్పుడైంది. అదే. చెప్పులు ఇడుస్తాంది... మీరు లేవకుండ్రి మేడం. నిజం నేనే చెప్త. జర నా పక్కకు జరుగుండ్రి, ఒక్కదానితోని అయ్యేటట్టు లేదు.