బావమరిది పట్టే తాడు

పందొమ్మిది వందల నలభై తొమ్మిది, ఎండాకాలం. మిర్యాలగూడలో బియ్యం మిల్లు గోడ నీడన కూలీ ఒకతను సద్దిమూట విప్పుతున్నాడు. నల్లమల దిగి వచ్చిన చెల్లెలు కొంగులో చేతులు దాచుకుని ఎదురుగా కూర్చుంది.

“యాదికున్నదా అన్నా? చిన్నప్పుడు ఎలుగుబంటి గుండు మీదికెల్లి నన్ను తీగతాడుతోని దింపెటోనివి.”

“ఉసిరికాయలకు ‘ఇంక దింపు, ఇంక దింపు’ అని నా పాణం తీసెటిదానివి.”

“కింద ఏరుకాడ పులి అడుగులు తడిగనే ఉండేటియి. అయినా భయం లేకుండె. పైన నువ్వున్నవు గద.”

“బావ ఎట్లున్నడే?”

“కొండచరియకు పట్టిన తేనెకు దిగిండు.”

“దిగిండా? తాడు ఎవరు పట్టిండ్రు? చెల్లె బతుకు ఆగం కావద్దని బావమరిదే పట్టాలె గద!”

“నీకు రెండుమార్లు కబురంపిన. మిల్లు ఇడిసి రానంటివి.”

“మరి ఎవరు పట్టిండ్రే?”

“నేనే పట్టిన. తాడు జారిపోతుంటె ఆపలేకపోయిన.”

“అయ్యో, బావా!”

“ఎక్కువ బాధ పడలేదన్నా. జల్ది పోయిండు.”

“నా మొకం ఎట్ల సూస్తున్నవే? తిట్టు. కొట్టు.”

“ఏ చేతులతోని కొట్టాలె? సూడు.”

“తోలంత లేసిపోయింది గద, తల్లీ!”

“తిండి లేక రెండొద్దులాయె. ముద్ద కలిపి నోట్లె పెట్టు, అన్నా.”