పెరిగిన గుజ్జు

అదేంటమ్మా స్టెల్లా, "గుజ్జు పెరగలేదు బాబాయిగారూ" అని అంత తేలిగ్గా అనేస్తావు? రెండు రిపోర్టులూ మీ స్కానింగ్ సెంటరువే కదా! ఆర్నెల్ల కింద నా కుడి మోకాలి గుజ్జు ఒకటి పాయింట్ తొమ్మిది మిల్లీమీటర్లు. ఇవాళ రెండు పాయింట్ రెండు. నేను చదివింది ఎనిమిదో క్లాసే అనుకో, ఏది ఎక్కువో ఆమాత్రం తెలీదా?

పామర్రుకి ఫోన్ కూడా కొట్టేశాను! మా ఆవిడ రాజేశ్వరి ఈపాటికి వీధంతా చెప్పేసుంటుంది, తను రోజూ రాసే నువ్వులనూనె మహిమేనని. ఇప్పుడు కాదని ఎలా చెప్పను?

ఏంటీ? అప్పటి మిషను వేరా? ఫొటో తీసిన చోటు రవ్వంత జరిగినా అంకె మారిపోద్దా? నడిచొస్తే గుజ్జు నలిగి పల్చబడుద్దా! ఓహో!

నిజమేలే. పోయినసారి బస్సులో నిలబడే వచ్చాను, దిగాక ఇక్కడిదాకా నడక. ఈసారి నిన్ననే వచ్చి పటమటలో మా మేనకోడలింట్లో పడుకున్నాను. ఇడ్లీ కూడా మంచం మీదకే తెప్పించుకున్నా.

నవ్వకు. నేతగాడికి ఇదేం కొత్త? మగ్గం మీద బిగించి ఉండగా కొలిస్తే చీర ఒక పొడుగు. కోసి మడతేస్తే ఇంకో పొడుగు. అదే చీర, అదే టేపు!

అయితే పెరిగిందనీ చెప్పలేవు, తగ్గిందనీ చెప్పలేవు. భలే! అంత పెద్ద గొట్టంలో అరగంట కదలకుండా పడుకోబెట్టి చెప్పేది ఇదా తల్లీ?

మరి డాక్టరుగారు ఈ అంకె చూసేగా తేల్చేది! గుజ్జు తగ్గకపోతేనే మళ్ళీ మగ్గం గుంటలో దిగి తొక్కొచ్చన్నారు. తగ్గితే ఇక జన్మలో మగ్గం మాట ఎత్తొద్దన్నారు.

ఇట్రా, ఒక మాట. నడిస్తే గుజ్జు పల్చబడుద్దని పోయినసారి చెప్పింది కూడా నువ్వే. నువ్వు మర్చిపోయావు. నేను మర్చిపోలేదు.

నొప్పా? అట్లానే ఉంది. మెట్టు దిగితే ప్రాణం పోతోంది.

ఏం చెయ్యను మరి? ఈ ఆర్నెల్లూ నా బదులు గుంటలో దిగి మగ్గం తొక్కుతోంది రాజేశ్వరి. మొన్న నా కాలికి నూనె రాసి లేవబోయి, గోడ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఏమయిందే అంటే, ఏం లేదంది. దాని గుజ్జు ఎన్ని మిల్లీమీటర్లుందో ఏ మిషనూ చూడలేదు.

ఆ మంచం సంగతి డాక్టరుగారి దగ్గర ఎత్తకమ్మా. రెండు పాయింట్ రెండు. అంతే చెప్పు.