కాగితం మీద బతికిన పసుపు

మద్రాసు పత్రికకు పంపబోతున్న పరిశోధనా పత్రంలో పసుపు మొక్కలన్నీ కొత్త మందుతో తెగులు తగ్గి పచ్చగా ఉన్నాయి. కిటికీ బయట మడిలో అవే మొక్కలు దుంపలతో సహా కుళ్లిపోయి ఉన్నాయి. మెట్‌పల్లి దగ్గరి ఒక వ్యవసాయ పరిశోధనా క్షేత్రంలో పెద్ద అధికారి ఆ కాగితాలను సహాయకుడి ముందు విసిరికొట్టాడు.

"గిదేందయ్యా? సచ్చిన మొక్కలు మద్రాసు పోయేటాల్లకు లేస్తయా?"

"టైపు కొట్టినాయన తప్పు కొట్టిండేమో సార్."

"మూడు పేజీలు తప్పు కొడ్తడా? కింద నా పేరు సుత ఉన్నది. గిది అచ్చయితే రైతులందరు గీ మందే పోస్తరు. తోటలకు తోటలు పోతయ్!"

సహాయకుడు వంగి కాగితాలు ఏరసాగాడు.

"మందు కంపెనీవాళ్లు నీకేమన్న ముట్టజెప్పిండ్రా?"

"మా అవ్వ తోడు, లేదు సార్!"

"మరి ఎవలు రాసిండ్రు?"

"నేనే సార్. నేను సైన్సంతా ఉర్దూల చదివినోన్ని. మొక్కలెట్ల సచ్చినయో ఉర్దూల అడుగుండ్రి, పొద్దుగూకేదాక రాస్త. ఇంగ్లీషుల రాసుడు మాత్రం మన అల్మారిల ఉన్న పత్రికలు చూసే నేర్చుకున్న. గా పెద్దోళ్ల మాటలే తీసుకొని, మన పంట పేరు పెట్టుకుంట రాసుకొచ్చిన. ఆఖరికొచ్చినంక ఆగిపోయిన. 'మందు పనిచెయ్యలే' అని నా సొంతంగ రాస్తే బడిపోరడు రాసినట్టు అనిపిచ్చింది. పెద్దోళ్లు ఎట్ల రాసిండ్రో సూద్దామని అన్ని పత్రికలు తిరగేసిన. ఒక్కల మందు సుత ఓడిపోలే సార్. అందుకే మనది సుత గెలిచిందని రాసిన."