మా ఇంట్లో దాన్ని కూడే అంటారు

అధ్యక్షస్థానంలో ఉన్న మేనేజరు జగన్నాథన్ గారికి, నాకు కప్పబోయే శాలువా మడత చెడకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న యూనియన్ నాయకులు కల్యాణసుందరం గారికి, పెద్దలకు, మొదటి షిఫ్టు దిగి తలలో దూది పింజలతోనే వచ్చిన నా బిడ్డలకు, క్యాంటీన్ తలుపు దగ్గర గరిటె పట్టుకుని ‘ఈమె ఎప్పుడు ముగిస్తుందో’ అని చూస్తున్న మా పాప్పాత్తికి, ధనభాగ్యం నమస్కారాలు. (నవ్వులు)

నేను బడిలో చదివింది తమిళం, అదీ అయిదో తరగతి దాకా. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఈ నోరు వేసుకుని మైకు ముందు ఎట్లా నిలబడేదని భయపడుతుంటే, మా కోడలు వేంకటలక్ష్మి కొన్నాళ్లుగా నన్ను కూర్చోబెట్టి ఈ సభా తెలుగు నేర్పింది. అది తెనాలి పిల్ల. మధ్యలో మా ఇంటి మాట జారితే తప్పు దానిది కాదు, నా నాలుక వాటమే అంత.

నాకు వయసయింది, ఇక ఇంటికి పొమ్మన్నప్పుడు జగన్నాథన్ గారు ఒక మాట ఇచ్చారు. “ధనభాగ్యమ్మా, మీ జీవితం చెప్పండి, మిల్లు తరఫున చిన్న పుస్తకం వేస్తాం” అన్నారు. నాకేం జీవితం సార్, పొద్దున మిల్లు సంగు, అదే సైరను, కూయకముందే పొయ్యి ముట్టించడం, రాత్రి షిఫ్టు వాళ్లకు మజ్జిగ కలిపి ఇంటికి పోవడం తప్ప, అన్నాను. ఆయన వినలేదు. “ముందు ఒకటి తేల్చండి, మిమ్మల్ని తెలుగువాళ్లని రాయాలా, తమిళులని రాయాలా?” అన్నారు. ఈయనా ఇంట్లో తెలుగు మాట్లాడే మా వాళ్లే, ఈయన ఇంట్లోనూ ఇదే తంటా, అయినా నన్నే అడిగారు చూడండి! (నవ్వులు) “ఏం సార్, పప్పుచారు కాగి దిగినాంక పప్పు నీళ్లు వేరే, చింతపండు నీళ్లు వేరే పోయమంటే నేనేడికి పోదును?” అంటిని. ఆయన కాఫీ తెప్పించారు.

నిజం చెప్పాలంటే మా క్యాంటీన్ వంటింట్లో ఆ పంచాయితీ రోజూ ఉండేది. ఒక ఆకుకూర వస్తుంది. పాప్పాత్తి దాన్ని పుళిచ్చకీరై అంటుంది, నేను పుల్లకూర అంటాను, సాయానికి వచ్చే మా కోడలు గోంగూర అని, అదీ తన సొంత ఆస్తిలాగా అంటుంది. బోర్డు మీద ఏ పేరు రాయాలని నేనూ పాప్పాత్తీ కొట్టుకుంటుండగానే పాలక్కాడు నుంచి వచ్చిన పిల్లలు గిన్నె ఊడ్చేసి పోయేవాళ్లు. ఆ గిన్నె చూసి నాకు కడుపు నిండేది. పేర్లతో నాకు బాధ ఎప్పుడూ లేదు, ఒక్క పేరు దగ్గర తప్ప.

దాని గురించే చెప్పాలి. నేను చెబుతూ పోయాను, కోడలు తెలుగులో రాసుకుంటూ పోయింది. అంతా అయ్యాక చదివి వినిపించింది. మొదటి పుటలోనే ‘మా అమ్మ మాకు భోజనం వడ్డించెను’ అని ఉంది. ‘కార్మికులు భోజనం స్వీకరించిరి’ అని ఉంది. నేను కాసేపు విని, “శానా బాగుండాది కోడలా, ఎవురి కత ఇది?” అంటిని. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు, నాకు ఆ రోజు నవ్వు రాలేదు. మా అమ్మ భోజనం వడ్డించలేదండీ. కూడు పెట్టింది. మా ఇంట్లో దాన్ని కూడే అంటారు. మా తాతలు ఏ కాలంలోనో ఆ మాట మూటగట్టుకుని ఈ నేలకు వచ్చారు, ఇక్కడి తమిళం మధ్య అది అట్లాగే ఉండిపోయింది. కోడలు రాసినదాంట్లో అన్ని చోట్లా ఆ మాట తీసేసి ఉంది.

ఎందుకు తీసేసిందో నాకు తెలుసనుకున్నాను. దీని పెళ్లి మా ఇంటి ముందు పందిట్లో జరిగింది. తెనాలి వాళ్లంతా బంతిలో కూర్చున్నారు. పెళ్లికూతురి పెదనాన్న గారి ఆకులో అన్నం అయిపోయింది. నేను దగ్గరికి పోయి ఎంతో ప్రేమగా, “పెద్దయ్యా, ఇంకా రవంత కూడు పెట్టుదునా?” అంటిని. ఆయన చేయి ఆగిపోయింది. “కూడు పెట్టడానికా మమ్మల్ని ఇంత దూరం పిలిచింది?” అని ఆకు ముందు నుంచి లేచిపోయాడు. వాళ్ల వైపు ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అక్కడ ఆ మాట తిట్టులో వస్తుందట, బిచ్చగాడికి విసిరేదాన్నీ చచ్చినవాళ్లకు పెట్టేదాన్నీ అట్లా అంటారట. నాకేం తెలుసు? ఆనాటి నుంచి వియ్యాలవారు వస్తే నేను తెలుగు నోరు మూసుకున్నాను. తమిళంలో ‘సాప్పిడుంగో’, తినండి, అని వంటింట్లోకి పోయేదాన్ని. తెలుగువాళ్ల ముందు తెలుగు మాట్లాడడానికి సిగ్గుపడ్డానండీ. దానికంటే అవమానం ఇంకేముంటుంది?

అందుకే కోడలు రాసింది విన్న రోజు కోపం ఆగలేదు. “నా మాటంటే నీకు నామోషీ, మీవాళ్లకు మాదిరే” అంటిని. అది కలం పక్కన పెట్టేసింది. “నామోషీ కాదు అత్తయ్యా. ఆ రోజు నవ్వినవాళ్లు నా వాళ్లు. నేను పీటల మీద కూర్చుని విన్నాను, తల ఎత్తలేకపోయాను. కొత్త పెళ్లికూతుర్ని, ఏమనగలను? పుస్తకం తెనాలికీ పోతుంది. మళ్లీ ఎవరూ మిమ్మల్ని చూసి నవ్వకూడదనే అన్నిచోట్లా మార్చాను” అంది. దాని కళ్లల్లో నీళ్లు. ఇన్నేళ్లు ఒకే పొయ్యి దగ్గర నిలబడి, నేను దీన్ని ఆ నవ్విన వాళ్లలోనే లెక్కేసుకున్నాను. అదేమో నా పక్షాన నిలబడి, చెప్పలేక ఊరికే ఉంది. ఇద్దరం ఏడ్చాం. తర్వాత పాప్పాత్తి వచ్చి ‘ఎన్న అక్కా, ఎవరు పోయారు?’ అనేసరికి నవ్వాం. (నవ్వులు)

మర్నాడే మొదలుపెట్టి అది అంతా మళ్లీ రాసింది. నేను ఎట్లా చెప్పానో అట్లాగే. ఆ మాట ఒక్కచోట కూడా పోలేదని ఒట్టేసి చెప్పింది. నేను నమ్మాలి మరి, నాకు తెలుగు అక్షరం రాదు. నా పుస్తకం నేను చదవలేను. ఎవరన్నా నా బతుకు నాకు చదివి పెట్టాలంటే ఈ కోడలే చదవాలి.

నన్ను మనిషిగా చూసిన ఈ మిల్లుకు, శాలువా ఇవ్వడానికి తొందరపడుతున్న కల్యాణసుందరం గారికి, నా చేతి ఉప్పు ఎక్కువైనా మాట అనకుండా తిన్న మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నేను తృప్తిగా పోతున్నాను. ఒక్క పని మిగిలింది.

వేంకటలక్ష్మీ, దా ఇట్లా. మొకం దాచుకోవద్దు. తెనాలి నుంచి మీవాళ్లు వచ్చి ముందు వరసలోనే కూర్చుండారు. పుస్తకం తెరిచి మొదటి పుట చదువు, గొంతు తగ్గించబాక. నేను కిందికి పోయి వాళ్ల పక్కనే కూర్చుని వింటాను.

సెలవు.