జడ్ దాటాక ఉండే గడి

సంచి అక్కడ పెట్టి ఇలా కూర్చో, అమ్మలూ. పేరు మార్చుకుంటానన్నావట, అమ్మ చెప్పింది. కోప్పడనులే. ఈ దేశంలో టీచర్లు నీ పేరులో మొదటి అక్షరం జే ని 'య' అంటారు, పిల్లలు దాన్నే సాగదీసి ఏడిపిస్తారు, అంతేగా? ఊఁ. ఆ పేరు నీకెలా వచ్చిందో మీ అక్కాతమ్ముళ్ళకి నేనెప్పుడూ చెప్పలేదు. అది మా అక్క పేరు. మీ అత్త. ఫొటో లేదమ్మా, కెమెరా చూస్తే పారిపోయే మనిషి.

అక్క అచ్చాఫీసులో కంపోజిటరు. మీరిప్పుడు టకటకా కొట్టేస్తారు గానీ, అప్పుడు ఒక్కో అక్షరం ఒక్కో సీసపు ముక్క. పెద్ద చెక్క పళ్ళెం, కేసు అనేవాళ్ళం, దాన్నిండా గళ్ళు, గడికో అక్షరం. ఎడం చేతిలో ఇనప పట్టీ పట్టుకుని, కుడిచేత్తో ఏరి పేర్చేది. నేను పక్కనే మిషను మీద. ఇంగ్లీషు పెద్దక్షరాల కేసులో అన్నీ వరసగా ఉండి, జే, యూ మాత్రం జడ్ తరవాత, అట్టడుగున. నవ్వుతున్నావా? నేనూ నవ్వాను. "అవి ఆలస్యంగా పుట్టాయిరా" అంది అక్క. పూర్వం రోమన్లకి జే లేనే లేదట. ఐ ఒక్కటే 'ఇ' పనీ 'య' పనీ చేసుకునేదట. రాసేవాళ్ళు దానికి కిందకి తోక లాగుతూ లాగుతూ ఉంటే, చివరికి ఆ తోక పిల్ల వేరుకాపురం పెట్టింది. అప్పటికే గళ్ళన్నీ నిండిపోయాయి, చేతులు అలవాటుపడ్డాయి. ఎవర్ని లేపి కూర్చోబెడతారు? చివర చోటిచ్చారు. ఆ తరవాత దేశానికో గొంతు. ఒకచోట జ, ఒకచోట య, ఇంకోచోట హ. మీ టీచరు అనేది తప్పు కాదు, దాని పాత గొంతే అది. ఇదంతా అక్క చెప్పిందే సుమా. ఎక్కడైనా పొరపాటుంటే పుస్తకంలో చూసి నన్ను దిద్దు. తప్పు నీ బుర్రలో ఉండిపోకూడదు.

ఏం చెబుతున్నాను? ఆఁ, కళ్ళు. అక్కకి చూపు తగ్గుతూ వచ్చింది. నాకు తప్ప ఎవరికీ తెలీదు. మిషను ఆపి, ఆమె చెవి దగ్గర మేటరు చదివేవాణ్ణి. ఒక్కసారి వింటే చాలు, చెయ్యి తనంతట తనే గడికి వెళ్ళేది. అక్షరం తిరగబడిందో లేదో ముక్క ఒంటిమీదుండే గాటు వేలికి తగిలి తెలిసిపోయేది. అలా నెట్టుకొస్తూ ఉండగా ఓనరుగారి అల్లుడు కొత్తగా వచ్చాడు. మంచివాడేనమ్మా, పాపం. కొత్తగా చేరిన పిల్లలు జే కోసం తడుముకుంటున్నారని, సెలవు రోజున ఎవరికీ చెప్పకుండా తనే కూర్చుని కేసంతా వరసలో సర్దేశాడు. ఐ పక్కన జే. అక్కణ్ణుంచి అక్షరాలన్నీ పక్క గళ్ళలోకి జరిగిపోయాయి.

మర్నాడు అక్క ఒక ఇంగ్లీషు పెళ్ళికార్డు పేర్చింది, చెయ్యి పాత గళ్ళకే వెళ్ళింది. ఓనరు ప్రూఫు చూసి పకపకా నవ్వాడు. "ఏమ్మా, పెళ్ళికూతురు పేరు ఏ భాషలో కొట్టావు?" అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఇంటికెళ్ళాక బతిమాలాను, కళ్ళ సంగతి చెప్పేయవే, కేసు పాతలాగే పెడతారు అని. "చెబితే జాలిపడి కుర్చీ వేస్తార్రా. నాకు కుర్చీ వద్దు, నిలబడే చోటు కావాలి" అంది. అందరికంటే ముందెళ్ళి, ఖాళీ గదిలో కొత్త గళ్ళు నేర్చుకోవాలని చూసేది. మనసుకి వచ్చేది, చేతికి వచ్చేది కాదు. కొన్నాళ్ళకి తనే మానేసింది.

అల్లుడికి కళ్ళ సంగతి ఎలాగో తెలిసి మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, ఇవాళే మళ్ళీ పాతలాగే సర్దేస్తాను, వచ్చెయ్యండి." అక్క ఏమందో తెలుసా? "ఇప్పుడు ఆ పిల్లల చేతులు దానికి అలవాటుపడ్డాయి బాబూ. మళ్ళీ మారిస్తే వాళ్ళేమైపోతారు?" మంచినీళ్ళిచ్చి పంపేసింది. అతను గుమ్మంలో చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి వెళ్ళాడు.

ఆ తరవాత ఎక్కువ కాలం లేదమ్మా. జ్వరం. ఆఖర్న మాట పోయింది. నేను మంచం పక్కనే ఉన్నాను. ఎడం చెయ్యి పట్టీ పట్టుకున్నట్టు సగం ముడుచుకుని ఉంది. కుడిచెయ్యి దుప్పటి మీద మెల్లిగా కదిలింది. ఐ పక్కకి కాదు. అట్టడుగుకి, జడ్ దాటాక ఉండే గడికి. తీసుకుని వెనక్కొచ్చి ఎడం చేతిలో పెట్టింది. తన పేరు మొదలుపెట్టింది. రెండో అక్షరానికి చెయ్యి లేవలేదు.

నువ్వు పుట్టినప్పుడు మిగతా అక్షరాలు నేను పేర్చాను. అంతే. మార్చుకోవాలనిపిస్తే మార్చుకో, బలవంతం లేదు... తమ్ముడు ఆటనుంచి వచ్చాక వాడికి నువ్వే చెప్పు. ఆ గడి దాకా చెప్పు, మధ్యలో ఆపకు. నేను ఇంకోసారి చెప్పలేను. వెళ్ళు, బూట్లు విప్పుకో, నేలంతా తడి.