నీలవేణి ఆపిన కత్తి

నీలవేణిని నర్సు చదువుకి పంపినందుకు ఆమె మేనమామ మూడేళ్లు బావ గడప తొక్కలేదు. సొంత అక్క పోతే దినానికీ రాలేదు. ఇవాళ బావని వెతుక్కుంటూ కళ్లానికి వచ్చాడు. బావ తూర్పారబడుతున్న చేట దించలేదు.

“నా కొడుకు బతికీసినాడు, బావా.”

“తెలుసు.”

“జొరం దిగిందని సంబరపడ్డాం. మర్నాడే కడుపు పట్టుకుని గిలగిల్లాడిపోనాడు. పేగు వాసిందని, కోసీయాలని డాక్టరు బల్లెక్కించీసినాడు. నీ కూతురు అడ్డుపడ్డాది.”

“ఏటన్నాది?”

“బీపీ పట్టీ బిగించినకాడ సేతినిండా ఎర్రసుక్కలు సూపించినాది. ‘ఇది డెంగీ జొరమండీ, కోస్తే నెత్తురాగదు’ అన్నాది. అంతటోడూ కత్తి పక్కనెట్టీసినాడు.”

“గట్టిగా సెప్పు. కళ్లంలో అందరూ ఇనాల.”

“సిగ్గుగా ఉన్నాది, బావా.”

“తిట్టినప్పుడు ఊరంతా ఇన్నాదిరా.”

అతను గొంతెత్తాడు. “నా కొడుకుని మా మేనకోడలే బతికించినాది!”

కూలీలు పని ఆపి చూశారు. బావ ఛాతీ పొంగింది, ముఖం మాత్రం కదలలేదు.

“అక్క దినానికి రానందుకు, బావా...”

“పిల్ల గొప్ప ఎంతసేపైనా సెప్పు, ఇంటాను. ఆ దినం మాట మాత్రం ఎత్తకు. నేనూ ఈ జన్మలో ఎత్తను.”